ఓపెన్ టెన్త్ ఇంగ్లిష్: పాఠంలో క్విజ్‌లన్నీ రైటే, పాత పేపర్ రాస్తే 27 మార్కులే. ఎలా చదవాలి?

సూర్యారావుపేట నైట్ డ్యూటీ:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ కృష్ణలంక. సూర్యారావుపేటలో ఒక హాస్పిటల్లో వార్డు అసిస్టెంట్‌గా చేస్తున్నాను, ఎక్కువగా నైట్ డ్యూటీలే పడతాయి. తొమ్మిదో తరగతి మధ్యలో పెళ్లి చేశారు, చదువు అక్కడితో ఆగిపోయింది. ఇప్పుడు మా అబ్బాయి ఎనిమిదికి వచ్చాడు. మా వార్డు సిస్టర్ ఒకావిడ వెంటపడి మరీ ఎన్‌ఐఓఎస్‌లో (కేంద్రం నడిపే ఓపెన్ స్కూల్) నాతో టెన్త్‌కి ఫీజు కట్టించారు. పాత సర్టిఫికెట్లు లేవని భయపడ్డాను కానీ, చదవడం రాయడం వచ్చని స్వయంగా రాసిస్తే చాలన్నారు. టెన్త్ అయ్యాక ఇంటర్, తర్వాత నర్సింగ్ వైపు వెళ్లాలని నా ఆశ. మిగతా సబ్జెక్టులు తెలుగు మీడియంలో తీసుకున్నాను, వాటికి భయం లేదు. ఇంగ్లిష్ దగ్గరే బండి ఆగిపోతోంది.

పుస్తకంలో పాఠం మధ్యమధ్యలో చిన్న ప్రశ్నలు ఉంటాయి కదా. సరైన జవాబుకి టిక్కు పెట్టడం, ఖాళీలు నింపడం, తప్పో ఒప్పో చెప్పడం, అవి. పాఠం చదవగానే చేస్తాను. చివర ఇచ్చిన జవాబులతో సరిచూసుకుంటే పదికి ఎనిమిదో తొమ్మిదో వస్తాయి. ఫోన్లో వీడియో పాఠం చూసి క్విజ్ చేసినా అంతే. మా అబ్బాయి కూడా "అమ్మా, నువ్వు పాసైపోతావు" అంటుంటాడు.

మొన్న స్టడీ సెంటర్లో జరిగే కాంటాక్ట్ క్లాసులో సారు పాత ప్రశ్నపత్రం ఇచ్చి మూడు గంటలు కూర్చోబెట్టి రాయించారు. నాకు వందకి 27 వచ్చాయి. పాస్‌కి 33 కావాలి. ఆ 27లో 21 టిక్కులు, ఖాళీల దగ్గర వచ్చినవే. ఉత్తరం, పేరా, పుస్తకంలో లేని గద్యం ఇచ్చి అడిగే ప్రశ్నలు, పాఠాల మీద జవాబులు, ఇవన్నీ కలిపితే 6. ప్రశ్నలు అర్థం కాక కాదు. ఏం రాయాలో తెలుగులో బుర్రలో ఉంది. పెన్ను మాత్రం కదల్లేదు. గంటన్నర అయ్యేసరికి చెయ్యి లాగేసింది.

లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపులో ఒక గైడు కొన్నాను. అందులోనూ ప్రశ్న, దాని కింద జవాబు. చదువుతుంటే అన్నీ వచ్చినట్టే ఉంటుంది. ఇంట్లో అంత బాగా వచ్చేది పరీక్షలో ఎందుకు రావట్లేదో ఎవరైనా చెప్పండి. డ్యూటీ దిగి వచ్చి వంట చేసి పడుకుని లేచాక సాయంత్రం ఒక గంట, గంటన్నర దొరుకుతుంది నాకు. ఆ టైంలో ఏం చెయ్యాలి? ఏప్రిల్‌లో రాయాలనుకుంటున్నాను.

పటమట:

అక్కా, టెన్షన్ పడకండి. సగం మార్కులు ఆబ్జెక్టివ్‌కే ఉంటాయి, అక్కడే 33 దాటించుకోవచ్చు. ఎన్‌ఐఓఎస్ సైట్లో శాంపిల్ పేపర్లు, పాత పేపర్లు ఉంటాయి, డౌన్‌లోడ్ చేసి టిక్కులన్నీ ప్రాక్టీస్ చెయ్యండి. రాసేవాటికి నాలుగు ఉత్తరాలు, నాలుగు పేరాలు బట్టీ పట్టండి. సెలవు కావాలని ఒకటి, ఫ్రెండ్‌ని పెళ్లికి పిలవడం ఒకటి, నీళ్లు రావట్లేదని మున్సిపాలిటీకి ఒకటి. అటూ ఇటూగా అవే వస్తాయి. మా కజిన్ అలాగే పాసయ్యాడు.

బ్రాడీపేట మాస్టారు:

అమ్మా, నేను గుంటూరులో హైస్కూల్ ఇంగ్లిష్ టీచరుగా రిటైరయ్యాను. ఇప్పుడు ఓపెన్ స్కూల్ వాళ్లకి ఆదివారాలు పాఠం చెప్తున్నాను. మీరు రాసిన మార్కుల్లోనే జవాబు ఉంది. జాగ్రత్తగా చూద్దాం.

అందరూ ఆ 6 దగ్గర ఆగుతారు. నేను 21 దగ్గర ఆగాను. ఇంట్లో పదికి తొమ్మిది తెచ్చుకునే మనిషికి 50 మార్కుల ఆబ్జెక్టివ్‌లో 40 అయినా రావాలి. 21 వచ్చాయంటే, ఇంట్లో చేసే క్విజ్ మీకు ఎంత వచ్చిందో చెప్పట్లేదన్నమాట. పాఠం చదివిన వెంటనే, మాటలు ఇంకా కళ్లముందు ఉండగానే చేస్తున్నారు కాబట్టి ఆ మార్కులు అలా వస్తున్నాయి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ఒకే గద్యాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు. కొందరు చదివి, కాగితం పక్కన పెట్టేసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లకే ఎక్కువ వచ్చింది. వారం తర్వాత పెడితే తిరగబడింది, చూడకుండా రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మీ పరీక్ష పాఠం చదివిన ఐదు నిమిషాలకి ఉండదు కదమ్మా.

అందుకని క్విజ్‌లు మానొద్దు, వాటిని చేసే రోజు మార్చండి. ఈ రోజు ఒక పాఠం చదివితే, దాని ప్రశ్నలు మూడు నాలుగు రోజులాగి చెయ్యండి, పుస్తకం మూసి, కాగితం మీద. పదికి ఐదు వస్తాయి. కంగారు పడొద్దు, అదే మీ అసలు మార్కు. తప్పు పోయిన ఐదింటి కోసం మాత్రమే మళ్లీ పాఠంలోకి వెళ్లండి. పాఠం మొత్తం తిరిగి చదివితే టైం పోతుంది, మీ దగ్గర ఉన్నదే గంట.

ఇక ఆ 6. ఖాళీలు నింపే ప్రశ్నలో ఒక గీత ఉంటుంది. ఎక్కడ మాట లేదో ఆ గీతే చూపిస్తుంది. మీరు సొంతంగా రాసేటప్పుడు గీత ఉండదు, ఎక్కడ మాట పడిపోయిందో చెప్పేవాళ్లు ఉండరు. చుక్కలు పెట్టి ఉన్న ముగ్గు కలపడం వేరు, ఒట్టి నేల మీద చుక్కలు పెట్టుకోవడం దగ్గర్నుంచి మొదలుపెట్టడం వేరు. మన తెలుగువాళ్లకి ఇది మరీ కష్టం. "ఆయన డాక్టరు" అంటే మనకి నిండు వాక్యం. ఇంగ్లిష్‌లో మధ్యలో ఈజ్ ఉండాలి. గీత ఇచ్చి అడిగితే మీరు ఈజ్ అని ఠక్కున రాస్తారు. సొంతంగా రాస్తే "హీ డాక్టర్" అని రాసి ముందుకి వెళ్లిపోతారు. నేను దిద్దే పేపర్లలో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. వాళ్లకి గ్రామర్ రాదనలేం, అదే పేపర్లో ఖాళీల దగ్గర రైటు పెట్టి ఉంటారు.

కాబట్టి మీకు నేను చెప్పే పని ఒకటే. చేసిన ప్రతి క్విజ్ ప్రశ్ననీ ఆప్షన్లు తీసేసి నిండు వాక్యంలో రాయండి. "అబ్బాయి ఎందుకు ఏడ్చాడు" అని అడిగి నాలుగు ఆప్షన్లు ఇచ్చాడనుకోండి. టిక్కు పెట్టి వదలకుండా "ది బాయ్ క్రైడ్ బికాజ్" అని మొదలుపెట్టి పూర్తి చెయ్యండి. ఇక్కడ ఒక కిటుకు ఉంది. సగం జవాబు ప్రశ్నలోనే ఉంటుంది. ప్రశ్న "వై డిడ్ ది బాయ్ క్రై" అని ఉంటుంది. జవాబులో డిడ్ పోతుంది, క్రై కాస్తా క్రైడ్ అవుతుంది. ఈ ఒక్క మార్పు చేతికి అలవాటైతే, పుస్తకంలో లేని గద్యం మీద ప్రశ్నలకి మీ పెన్ను ఆగదు. ఆ గద్యానికి ముందు ప్రశ్నలు చదవండి, తర్వాత గద్యం చదవండి. అందులో తెలియని మాటలు ఉంటాయి, ఉండనివ్వండి. జవాబుకి అవసరమైన వాక్యం దొరికితే చాలు.

పేరా విషయం. పటమట తమ్ముడు చెప్పిన ఉత్తరాల్లో నమూనా నేర్చుకోవడం వరకు మంచిదే: ఎడ్రస్ ఎక్కడ, తేదీ ఎక్కడ, సబ్జెక్ట్ లైను ఎక్కడ, ముగింపు ఎలా. అది మారదు, గుర్తుంచుకోవాల్సిందే. లోపలి విషయం బట్టీ పడితే మాత్రం ప్రశ్న కొంచెం మారినా చేతులెత్తేయాలి. నీళ్ల మీద ఉత్తరం బట్టీ పట్టి, వీధి లైట్లు అడిగితే నీళ్ల గురించే రాసి వచ్చినవాళ్లని చూశాను, మనసు చివుక్కుమంటుంది. ఆ పిల్లలు కష్టపడనివాళ్లు కాదు.

మీకు మాటల కొరత లేదమ్మా. బెడ్, డ్రిప్, టెంపరేచర్, రిపోర్ట్, డిశ్చార్జ్, టాబ్లెట్, రోజూ మీ నోట్లో నానే మాటలే ఇవన్నీ. వాటిని వాక్యంలో పెట్టడమే మిగిలింది. రోజూ డ్యూటీ గురించి ఐదు చిన్న వాక్యాలు రాయండి. "ది పేషెంట్ వాజ్ స్లీపింగ్. ఐ చెక్డ్ హిజ్ టెంపరేచర్. ఇట్ వాజ్ నార్మల్." ఇంతే. పేషెంట్ల పేర్లు రాయొద్దు. రాశాక దిద్దుకోవాలి. ఒకేసారి అన్నీ దిద్దాలని చూస్తే విసుగొస్తుంది, ఒక వారం ఒకే తప్పు వెతకండి. మొదటి వారం ప్రతి వాక్యంలో క్రియ ఉందా, ఈజ్, వాజ్ పడిపోయాయా అన్నది మాత్రమే. రెండో వారం జరిగిపోయినదాన్ని జరిగిపోయినట్టే రాశారా. మూడో వారం హీ, షీ పక్కన మాటకి ఎస్ చేరిందా. స్పెల్లింగులు మీ అబ్బాయి చూస్తాడు. వాడికీ మంచిదే.

చెయ్యి లాగడం గురించి రాశారు. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. చాలాకాలంగా రాయని చేతికి మూడు గంటలు రాయడం నిజంగానే కష్టం. దీనికి వేరే వైద్యం లేదు, ఫోన్లో టైప్ చెయ్యకుండా కాగితం మీద పెన్నుతోనే అన్నీ చెయ్యాలి. వారానికి ఒకసారి డ్యూటీ లేని రోజు గంటసేపు ఆపకుండా రాయండి. నెమ్మదిగా పెంచండి.

సూర్యారావుపేట నైట్ డ్యూటీ:

మాస్టారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. "హీ డాక్టర్" అని నా పేపర్లో నిజంగానే ఉంది, ఇప్పుడే తీసి చూశాను. పరీక్షకి చదవాల్సిన పాఠాలు ఏవో, వదలాల్సినవి ఏవో కూడా నాకు సరిగా తెలియదు. ఇంకో విషయం. టీఎంఏ (ఇంట్లో రాసి స్టడీ సెంటర్లో ఇచ్చే అసైన్‌మెంట్, ట్యూటర్ దిద్దుతారు) ఇంకా రాయలేదు. నాతో చదివే అమ్మాయిలు ఫోన్లో జవాబులు దొరుకుతాయి, చూసి రాసి ఇచ్చెయ్ అంటున్నారు. అందరూ అలాగే చేస్తారంట. 20 మార్కులు కదా, తప్పు రాసి పోగొట్టుకోవడం కన్నా అదే మేలేమో అనిపిస్తోంది. మీరేమంటారు? ఉత్తరంలో మా ఇంటి ఎడ్రస్సే రాయొచ్చా?

యార్డు తమ్ముడు:

అక్కా, నేను గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాగా చేస్తా. ఎన్‌ఐఓఎస్ టెన్తే పాసయ్యా, ఇంగ్లిష్‌లో 41 వచ్చాయి. మాస్టారు జవాబిచ్చేలోపు నాకు తెలిసింది చెప్తా.

పాఠాల్ని రెండు భాగాలు చేసి పెట్టారక్కా. సుమారు 40 శాతం టీఎంఏకి, 60 శాతం పబ్లిక్ పరీక్షకి. ఆ లిస్టు సైట్లో సబ్జెక్టువారీగా ఉంటుంది, ఇంగ్లిష్ కోడ్ 202, దాని దగ్గర చూడండి. ప్రింటు తీసి పుస్తకం అట్ట లోపల అంటించుకోండి. మీకు టైం తక్కువ కాబట్టి ముందు ఆ 60 శాతం పాఠాలు పట్టుకోండి.

టీఎంఏ మాత్రం చూసి రాయకండి. ఇది నా గట్టి అభిప్రాయం. అందులో ఆరు ప్రశ్నలే. మొదటి మూడు రెండేసి మార్కులు, 40 నుంచి 60 మాటల్లో రాయాలి. తర్వాత రెండు నాలుగేసి మార్కులు, 100 నుంచి 150 మాటలు. చివరిది ప్రాజెక్టు, 6 మార్కులు. ప్రతిదాంట్లో రెండు ఇచ్చి ఒకటి రాయమంటారు. మీకు పరీక్షలో రానిది రాయడమే కదా, ఆ రాయడం ఇంట్లో కూర్చుని, పుస్తకం దగ్గర పెట్టుకుని, తొందర లేకుండా చేసే అవకాశం టీఎంఏ ఒక్కటే. కాపీ కొడితే 20 మార్కులు వస్తాయేమో కానీ ఆ ప్రాక్టీసు పోతుంది. నేను రాత్రి కాటాలు అయ్యాక కొట్లోనే కూర్చుని రాసుకునేవాణ్ని. మా ట్యూటర్ ఎర్ర సిరాతో దిద్దిచ్చిన కాగితాలు పరీక్ష ముందు నాకు గైడు కన్నా ఎక్కువ పనికొచ్చాయి. మీరూ అడగండి, ఎక్కడ తప్పో రాసివ్వమని. సిగ్గు పడకండి అక్కా, అది వాళ్ల పనే.

పరీక్ష రోజు సంగతి. పేపర్ 2.15కి ఇస్తారు, 2.30 దాకా చదవడమే, రాయకూడదు. 2.30 నుంచి 5.30 దాకా రాయడం. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఆ టైంలో ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. మీకు నైట్ డ్యూటీ కూడా. ముందు రాత్రి డ్యూటీ ఎవరితోనైనా మార్చుకోండి, తప్పకుండా. ఆ పదిహేను నిమిషాల్లో నేను ఏ ఉత్తరం రాయాలి, ఏ పేరా రాయాలి అన్నది తేల్చేసుకున్నా. బెల్లు కొట్టాక ఆలోచించే పని లేదు. ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకండి.

ఒకవేళ ఈసారి రాకపోయినా అక్టోబర్, నవంబర్‌లో మళ్లీ ఉంటుంది. ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు. పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు. మన రెగ్యులర్ బడుల్లో లేని సుఖం ఇది.

బ్రాడీపేట మాస్టారు:

యార్డు తమ్ముడు టీఎంఏ గురించి చెప్పినదానికి నేను కలపాల్సింది లేదు. బాగా చెప్పావు నాయనా.

ఉత్తరంలో ఎడ్రస్ సంగతి చాలా ముఖ్యం, అడిగి మంచి పని చేశావమ్మా. పబ్లిక్ పరీక్షలో మీ సొంత పేరు, సొంత ఎడ్రస్, ఫోన్ నంబర్ ఉత్తరంలో ఎక్కడా రాయకూడదు. జవాబు పుస్తకంలో అభ్యర్థి ఎవరో తెలిసే గుర్తు ఏదైనా పెట్టినా, రోల్ నంబర్ చెప్పిన చోట కాకుండా ఇంకెక్కడ రాసినా డిస్‌క్వాలిఫై చేస్తామని ప్రశ్నపత్రం మీదే ఉంటుంది. ఇంగ్లిష్ పేపర్లోనే ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే ఉత్తరం అనగానే చెయ్యి తనంతట తానే సొంత పేరు రాసేస్తుంది. ప్రశ్నలో ఏదైనా పేరు ఇస్తే అది రాయండి. ఇవ్వకపోతే ఎక్స్‌వైజెడ్ అనీ, ఎగ్జామినేషన్ హాల్ అనీ రాయండి. టీఎంఏకి ఇది పూర్తిగా తిరగేసి ఉంటుంది. అక్కడ మొదటి పేజీ మీద పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబర్, స్టడీ సెంటర్ పేరు, సబ్జెక్టు అన్నీ ఉండాల్సిందే, అవి లేకపోతే కాగితం ఎవరిదో తెలియక మార్కులు ఎక్కవు. రెండూ కలిపేసుకోవద్దు. ఇంట్లో ఉత్తరాలు ప్రాక్టీస్ చేసేటప్పుడు కూడా ఎక్స్‌వైజెడ్ అనే రాయండి, చేతికి అదే అలవాటు కావాలి. పేపర్ కోడ్ నంబర్ జవాబు పుస్తకం మీద రాయమంటారు, అది కూడా మొదటే రాసేయండి.

టైం ఎలా పంచుకోవాలో కూడా చెప్తాను. ఆబ్జెక్టివ్ ముందు చేసేయండి, కానీ గంటకి మించి దాని మీద కూర్చోవద్దు. తర్వాత పాఠాల జవాబులు, గద్యం. ఉత్తరం, పేరా చివరి అరగంటకి నెట్టొద్దు, అప్పటికి చెయ్యి అలిసిపోతుంది, మీకు మరీను. నాలుగున్నర లోపే అవి మొదలవ్వాలి. మిగిలిన పది నిమిషాల్లో పేపరంతా చదవక్కర్లేదు, ప్రతి వాక్యంలో క్రియ ఉందా అని మాత్రం చూసుకోండి.

ఈ వారం మీరు రాసిన ఐదు వాక్యాలు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. దిద్ది పంపిస్తాను. యార్డు తమ్ముడూ, నువ్వు ఇంటర్‌కి కట్టావా లేదా, అది కూడా చెప్పు.

సూర్యారావుపేట నైట్ డ్యూటీ:

మాస్టారూ, ఇప్పుడు డ్యూటీకి బయల్దేరుతున్నాను. పొద్దున దిగాక రాసి పెడతాను. టీఎంఏ నేనే రాస్తాను.